‘ఈ’ అంటే పెట్టేసే ఊరు

ఆవిడను కళ్లతో చూడకముందే నేను పన్నెండేళ్లుగా ఎరుగుదును. ఇందులో నా గొప్పేమీ లేదు, ఆ ఊళ్లో అందరి సంగతీ అంతే. ఆవిడ గొంతు వినని చెవి ఆ ఊళ్లో లేదు. ఆవిడ మాట చివరిదాకా విన్న చెవి కూడా లేదు.

టెలిఫోన్ శాఖ ఒక్కటే ఉన్న రోజులవి. ఉత్తినే ‘శాఖ’ అంటే చాలు, ఏ శాఖ అని అడిగే అమాయకుడు ఉండేవాడు కాదు. ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, పెట్టుకుని మరిచిపోవాలి. మరిచిపోవడం చేతకాని వాళ్లు ప్రతి నెలా ఆఫీసుకు వెళ్లి, గుమాస్తా నోట ‘మీది పరిశీలనలో ఉంది’ అన్న మాట విని, ఏదో పుణ్యం చేసుకున్నట్టు తిరిగొచ్చేవారు. ఒకాయన కూతురు పుట్టిన వారం దరఖాస్తు పెట్టాడట. ఫోను ఇంటికొచ్చిన రోజున ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి, బల్లమీద నల్లగా నిగనిగలాడుతున్న దాన్ని చూసి, “ఇదేనా నాన్నా, నా కవల?” అందట. నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఆ ఊళ్లో మాత్రం ఎవరూ నవ్వకుండానే చెప్పేవారు.

ఫోను వచ్చాక అసలు కష్టం మొదలయ్యేది. ఊరికీ పట్నానికీ మధ్య ఉన్న తీగలు గుప్పెడు, మాట్లాడాలనుకునే వాళ్లు ఊరెడు. అందుకని శాఖ ఒక ప్రకటన రికార్డు చేయించాలనుకుంది. పెద్ద ఇంజనీరు ఆపరేటర్లు పదకొండు మందినీ ఒక్కొక్కరిగా పిలిచి చదివించాడు. కొందరు కోపంగా చదివారు. కోపంగా చెబితే జనం ఫిర్యాదు రాస్తారు. కొందరు జాలిగా చదివారు. జాలిగా చెబితే జనం ఆశపడి మళ్లీ మళ్లీ చేస్తారు. కోపమూ జాలీ రెండూ లేకుండా, గోడ మాట్లాడితే ఎలా ఉంటుందో అలా చదివింది ఒక్కరే. అప్పటికావిడ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. పాత సామాన్ల గదిలో గోడల నిండా బొంతలు మేకులతో బిగించి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపి, చెమటలు కారుస్తూ ఆవిడ చేత చదివించారు.

“ఈ మార్గములోని లైన్లన్నియు రద్దీగా ఉన్నవి. దయచేసి కొంతసేపు ఆగి మరల ప్రయత్నించండి.”

పద్దెనిమిదేళ్లు ఆ ఊరు రోజుకు కొన్ని వేలసార్లు ఈ ముక్క వింది. విన్నదని అనడం కూడా తప్పే. మొదటి ఏడాది రెండు వాక్యాలూ విన్నారు. రెండో ఏడాది ‘రద్దీ’ దగ్గర పెట్టేశారు. మూడో ఏడాదికి చెవికి పనిలేకుండా పోయింది. ‘ఈ’ అన్న ఒక్క అక్షరం రిసీవర్లోంచి రాగానే చెయ్యి దానంతటది వెళ్లి ఫోను పెట్టేసేది. ఎవరో శాస్త్రవేత్త గంట కొట్టి కొట్టి కుక్కల చేత చొంగ కార్పించాడని చదివాను. పాపం, ప్రయోగశాల పెట్టుకుని అంత శ్రమపడ్డాడు. మన శాఖ ఏ ఖర్చూ లేకుండా లక్షమంది మనుషుల చేత ఫోను పెట్టించింది.

దీని ఫలితం ఆవిడ బజారులో కూడా అనుభవించింది. కూరల దుకాణం ముందు నిలబడి, “ఈ టమాటాలు ఎలా ఇస్తున్నావయ్యా?” అంటే, దుకాణదారు చేతిలో ఉన్న తక్కెడ కింద పెట్టి పక్కనున్న మనిషి వైపు తిరిగేవాడు. కావాలని కాదు. చెయ్యి అలవాటుపడింది. పాపం ఆవిడ ‘ఆ టమాటాలు’ అనడం నేర్చుకుంది, అవి ముక్కుకింద ఉన్నా సరే. ఊరు ఆవిడకు ‘రద్దీ అక్కయ్య’ అని పేరు పెట్టింది. పిలిస్తే పలికేది కూడా. నేనూ అలాగే పిలుస్తాను.

నేను వాళ్ల మేడమీది గదిలో ఏడాదిపాటు అద్దెకున్నాను. కింద ముందుగదిలో ఆవిడ భర్త టైపు మాస్టారు ఆరు మిషన్లతో ఇన్‌స్టిట్యూటు నడిపేవాడు. వెనక రెండు గదుల్లో సంసారం. అక్కడ రాజ్యం టైపు మాస్టారి తల్లిది. డెబ్బై దాటిన మనిషి, పిడికెడు శరీరం. గొంతు మాత్రం మూడిళ్లకు సరిపోయేది. అత్తాకోడళ్లు ఇంట్లో ఉన్నంతసేపూ ఒకరినొకరు అనుకోకుండా ఉండేవారు కాదు. పగవల్ల అనుకునేరు. కొందరు పొద్దున్నే నడకకు వెళతారు చూడండి, వెళ్లకపోతే ఒళ్లు బరువుగా ఉంటుందంటారు, ఇదీ అలాంటిదే.

నేను అక్కడుండగానే చట్టం మారింది. ఫోను వ్యాపారం ఒక్క శాఖదే కాదు, ఎవరైనా చేయవచ్చన్నారు. అనడమే ఆలస్యం, చిలక బొమ్మతో ఒక కంపెనీ, గొడుగు బొమ్మతో ఒకటి, ఏనుగు బొమ్మతో మరొకటి దిగాయి. మూడూ ఒకే వీధిలో మూడు కందకాలు తవ్వాయి. చిలక వాళ్లు వేసిన తీగను గొడుగు వాళ్ల గునపం తెంపేది, గొడుగు వాళ్ల తీగను ఏనుగు వాళ్ల పార. తవ్విన మట్టిని మాత్రం ఏ కంపెనీ తనదని ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వరుసలో నిలబెట్టిన శాఖవాళ్లే ఇప్పుడు ఇంటి గుమ్మంలోకి వచ్చి, “బావున్నారా? ఇంకో కనెక్షన్ ఏమైనా...” అని నీళ్లు నములుతుంటే చూడటానికి ఎంత బావుండేదో! ఒక ముసలాయన వాళ్లను కూర్చోమని కుర్చీ వేసి, “మీ సంగతి పరిశీలనలో ఉంది” అని పంపించాడు. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదని మర్నాడు నాకు చెప్పాడు.

దీనికంతటికీ పైన, కంపెనీలు తన్నుకోకుండా చూడటానికి నియంత్రణ మండలి అని ఒకటి వచ్చింది. నంబరు మార్చుకోకుండానే కంపెనీ మార్చుకునే హక్కు మండలే ఇచ్చింది.

తీగలు పెరిగాక రద్దీ ఎక్కడిది? శాఖ ప్రకటనను ఆపేసింది. ఆపరేటర్లకు కాగితాలొచ్చాయి. ఆ సాయంత్రం రద్దీ అక్కయ్య గుమ్మంలోకి వస్తూనే చెప్పుల్ని విసిరేసింది.

“నన్ను మిగులులో వేశారు” అంది.

“మిగిలినవన్నీ పొద్దున్నే పారేశానే” అంది అత్తగారు లోపల్నుంచి.

“కూర కాదత్తయ్యా, నేను. మిగులు సిబ్బందినట.”

టైపు మాస్టారు కాగితం తీసుకుని చదివాడు. ఫోను రంగంలో గుర్తింపు ఉన్న ఏ సంస్థలోనైనా ఆరు నెలల్లో ఖాయమైన ఉద్యోగం చూసుకుంటే సరి. లేకపోతే స్తంభాల గోదాములో చేరాలి. ఆ గోదాము రైల్లో ఒక పగలంతా ప్రయాణమంత దూరం. అక్కడ పని, పీకేసిన స్తంభాలకూ పాత ఫోన్లకూ కాపలా.

“కాపలా అంటే కూర్చోవడమేగా, సుఖమే” అన్నాడు టైపు మాస్టారు, ధైర్యం చెప్పబోయి.

“ఎవరితో మాట్లాడాలండీ అక్కడ? స్తంభంతోనా?”

“నువ్వు పోతే ఇక్కడ నేనెవరితో మాట్లాడాలే?” అత్తగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. “వీడితోనా? వీణ్ని ఒక్క మాటంటే చాలు, ‘సరేనమ్మా’ అంటాడు. సరేనమ్మా అన్నవాడితో ఏం పోట్లాడతాం, నా శ్రాద్ధం!”

ఆ ఇంట్లో ఆ తర్వాత ఆరు నెలలూ ఎవరికీ వేరే ఆలోచన లేదు. ఇక్కడే, ఈ ఊళ్లోనే, నోటితో చేసే పని దొరకాలి. లేకపోతే స్తంభాలు.

మొదట పిలిచింది చిలక కంపెనీ. వాళ్ల మేనేజరు ఎంతో గౌరవంగా, “ఊరందరికీ తెలిసిన గొంతు మేడమ్ మీది. తెలిసిన గొంతంటే నమ్మకం” అన్నాడు. కొత్త స్టూడియో, చల్లని గది, మంచినీళ్ల గ్లాసు. ఆవిడ చదివింది: “ఈ నంబరుకు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు. చిలక కుటుంబానికి స్వాగతం.” వీధి వీధినా పందిళ్లు వేసి, ఫలానా నంబరుకు ఫోన్ చెయ్యండి, కొత్త కనెక్షన్ పొందండి అని చాటింపు వేశారు. మొదటి రోజున నలభై వేల కాల్స్ వచ్చాయి. కనెక్షన్ తీసుకున్నవాళ్లు తొమ్మిది మంది.

మేనేజరుకు మతిపోయింది. మిషను పాడయిందని ఇంజనీర్లను రప్పించాడు. మిషను భేషుగ్గా ఉంది. నలభై వేల మందీ ఒక్కొక్కరు ఒక్క సెకను ఉండి పెట్టేశారు. సంగతి కనిపెట్టింది టైపు మాస్టారే. పెళ్లాం గొంతు వినాలని ముచ్చటపడి, కొత్త చొక్కా తొడుక్కుని మరీ ఫోన్ చేశాడు. చేసి వెంటనే పెట్టేశాడు.

“ఏమన్నాను, చెప్పండి?” అంది ఆవిడ ఎదురుగా కూర్చుని.

“రద్దీగా ఉందన్నావుగా.”

“నా మొహం! స్వాగతం అన్నాను.”

“అన్నావేమో. నా చెయ్యికి వినపడలేదు.”

చిలక కంపెనీ రెండు వారాలకే దండం పెట్టి పంపేసింది. ఊరు నెల్లాళ్లు నవ్వుకుంది. ఆ నవ్వు గొడుగు కంపెనీ దాకా వెళ్లింది. గొడుగు మేనేజరు మాత్రం నవ్వలేదు. కాగితం తీసుకుని ఏదో లెక్క వేసుకున్నాడట. మర్నాడు పళ్లబుట్టతో వీళ్లింటికి వచ్చి, రద్దీ అక్కయ్యను ‘మేడమ్’ అని కాకుండా ‘అక్కా’ అన్నాడు. అత్తగారిని ‘అమ్మా’ అన్నాడు. ఆవిడ ఆ పళ్లబుట్ట వైపు చూసి, “వీడు ఏదో కొట్టేయడానికే వచ్చాడే” అని కోడలికి చెవిలో చెప్పింది. ఆవిడ చెవిలో చెబితే మేడమీద నాకు వినపడుతుంది, ఎదురుగా ఉన్న మేనేజరుకు వినపడలేదంటే నేను నమ్మను. అతను మాత్రం చిరునవ్వు చెరగనివ్వలేదు.

“చిలక వాళ్లకు మీ విలువ తెలీలేదక్కా. మా దగ్గర చాలా ముఖ్యమైన ప్రకటన ఉంది. మండలి నియమం అది. మా కంపెనీ వదిలి వెళ్లాలనుకున్న వాళ్లు ఒక నంబరుకు ఫోన్ చెయ్యాలి, ప్రకటన పూర్తిగా వినాలి, రెండు నొక్కాలి. మా మనుషులు ఎవరు చదివినా వెళ్లకండి వెళ్లకండి అని బతిమాలుతున్నట్టుంటోంది. మీరైతే ఏ పక్షమూ లేకుండా నిజాయితీగా చదువుతారు.”

నాలుగు నెలలు చూసి ఖాయం చేస్తామన్నాడు. రద్దీ అక్కయ్య పొంగిపోయింది. తన గొంతులో ఏ పక్షమూ లేదని గుర్తించిన మనిషి ఇన్నేళ్లకు దొరికాడు. శ్రద్ధగా చదివింది.

“ఈ సంస్థను విడిచి, తమ నంబరు మార్చుకొనకయే వేరొక సంస్థకు వెళ్లదలచిన వినియోగదారులు రెండు నొక్కవలెను. నొక్కుటకు ముందు ఈ ప్రకటనను పూర్తిగా వినవలెను.”

అంతకుముందు గొడుగును వదిలి రోజుకు ఎనభై మంది వెళ్లేవారు. ఆ మర్నాటి నుంచి ముగ్గురు. ఆ ముగ్గురూ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు.

వెళ్లాలనుకున్నవాడు ఎలాగూ చివరిదాకా వింటాడులే అనుకున్న ఆవిడకు ఇదేమీ తెలియదు. మెడలో కార్డు వేసుకుని, తొమ్మిదింటికి వెళ్లి అయిదింటికి వచ్చేది. సమావేశాల్లో ప్రకటనలూ, పండ్ల రసాల యంత్రం దగ్గర కబుర్లూ. మనిషి నిగారించింది. మూడు నెలలు అలా గడిచాయి. ఖాయం చేసే కాగితం తయారవుతోందని మేనేజరు చెప్పాడు.

ఇంతలో అత్తగారికి గొడుగు మీద కోపమొచ్చింది. ఉద్యోగుల కుటుంబానికని ఇచ్చిన సెల్‌ఫోను ఆవిడది. దానికి సిగ్నలు రావాలంటే పెరట్లో బకెట్టు బోర్లించి, దానిమీద ఎక్కి, గోడవైపు వొంగి నిలబడాలి. ఆవిడ చెల్లెలికి చిలక కంపెనీ ఫోను. బీరువాలో దూరి మాట్లాడినా వినిపిస్తుందట. ఆ చెల్లెలు ఆ మాట వారానికి రెండుసార్లు చెప్పేది. ఇంకెలా ఊరుకుంటుంది?

ఒక ఆదివారం పొద్దున నేను మెట్లమీద కూర్చుని పేపరు చూస్తున్నాను. అత్తగారు బకెట్టు మీద నిలబడి ఫోను చెవిన పెట్టడం, తీయడం, తిట్టడం, మళ్లీ పెట్టడం.

“ఎవత్తోగానీ దీని నోరు పడిపోను! పదకొండుసార్లు చేశాను. ఎప్పుడు చూసినా రద్దీయే!”

బట్టలు ఆరేస్తున్న రద్దీ అక్కయ్య ఆగిపోయింది. “అత్తయ్యా, అది నేనే.”

“నువ్వా?”

“నేనే. రద్దీ అనలేదు. రెండు నొక్కమన్నాను.”

“ఎప్పుడన్నావు?”

“మీరు వింటేగా!”

“ఇంట్లో ముప్ఫయ్యేళ్లుగా వింటున్నాను, చాలదూ? ఫోన్లో కూడా వినాలా? వదిలిపోతానంటే పోనివ్వవేమే నన్ను?”

రద్దీ అక్కయ్య తడి చొక్కా చేతిలో పట్టుకునే ముందుగదిలోకి వెళ్లి భర్త చేత ఫోన్ చేయించింది. పెట్టేశాడు. పక్కింటావిడ చేత చేయించింది. పెట్టేసింది. నన్ను పిలిచి చేయమంది. విషయం తెలిసి కూడా, పళ్లు బిగపట్టి కూడా, నేనూ పెట్టేశాను. ఆవిడ మళ్లీ వెళ్లి ఆ చొక్కా ఆరేసింది.

సోమవారం నాడు మేనేజరు గదిలో ఏం జరిగిందో ఆవిడే నాకు ఇద్దరి గొంతులూ పెట్టి వినిపించింది.

“మీకు ముందే తెలుసు కదూ?”

“ఏమిటక్కా?”

“నా గొంతు వింటే పెట్టేస్తారని.”

“మీరు చదివిన దాంట్లో అబద్ధం ఒక్క ముక్క ఉందా? లేదు. మేం మండలి ఇచ్చిన మాట ఒక్కటి మార్చామా? లేదు. వినకుండా వాళ్లే పెట్టేసుకుంటుంటే, మనం ఇంటింటికీ వెళ్లి చెవి పట్టుకుని వినిపిస్తామా?”

“వాళ్లు వెళ్లలేకపోతున్నారు బాబూ.”

“ఉంటున్నారక్కా. ఉంటున్నారు అనండి, ఎంత బావుందో చూడండి. హెడ్డాఫీసు మాకు ‘విధేయులైన వినియోగదారుల’ అవార్డు కూడా ఇస్తోంది. ఈ శుక్రవారం వెళ్లి తెచ్చుకోవాలి. అవార్డుతోబాటే మీ కాగితం మీద సంతకం కూడా పెట్టించుకొస్తాను.”

సంతకం పెట్టించకముందే ఒక పని ఉందన్నాడు. మండలి ఆ ప్రకటనకు ఒక వాక్యం చేర్చింది: ‘మార్పిడి పూర్తయ్యే వరకు పాత సేవ కొనసాగును.’ మొత్తం మళ్లీ రికార్డు చేయాలి. అక్షరం మారితే మండలి ఊరుకోదు. రికార్డు మండలిలో దాఖలయ్యాక, వాళ్ల అనుమతి లేకుండా కంపెనీ కూడా దాన్ని ముట్టుకోకూడదు.

కాగితం తీసుకుని ఆవిడ ఇంటికొచ్చింది. గడువుకు ఇంకా ముప్ఫై రోజులు. మునుపటిలా చదివితే ఊరు గొడుగు కింద ఇరుక్కుంటుంది, తను ఊళ్లో ఉంటుంది. మానేస్తే స్తంభాలు. ఎవరైనా ఏం చేస్తారో నాకు తెలుసు. నేనైతే మునుపటిలాగే చదివి, తర్వాత తీరిగ్గా బాధపడేవాణ్ని.

ఆవిడ మాత్రం గొంతు మార్చి చూస్తానంది. సాయంత్రం టైపు క్లాసు నడుస్తుండగా వెనకగదిలో సాధన. అత్తగారికి ఫోనిచ్చి పెరట్లో బకెట్టెక్కించి, తను లోపల్నుంచి చదివేది. మెత్తగా చదివింది, పాడుతున్నట్టు చదివింది, చిన్నపిల్లలా చదివింది. ‘ఈ’ అనగానే బకెట్టు మీది చెయ్యి టక్కున దిగిపోయేది.

“నా తప్పు కాదే, చెయ్యే!”

“ఆ చేతిని రెండు నిమిషాలు అదుపులో పెట్టుకోలేరా?”

“నువ్వు ఒక గిన్నె మూతను అదుపులో పెట్టుకోలేవు గానీ, నా చెయ్యికి నీతులా?”

“ఏ మూత?”

“పెద్ద గిన్నె మూత! పొద్దున్నించీ పళ్లెం బోర్లిస్తున్నాను.”

“మూత మీరే అటక మీద పెట్టారు!”

“నేనా? ఈ మోకాళ్లతో? అటక మీదా?”

మూత చర్చ మూడు దశాబ్దాల వెనక్కు వెళ్లి, పెళ్లిలో కనపడకుండా పోయిన ఒక దుప్పటి దగ్గర మలుపు తిరిగి, చెల్లెలి బీరువా మీదుగా మళ్లీ మూత దగ్గరికొచ్చింది. పక్కింట్లో టీవీ మోత తగ్గింది. ముందుగదిలో ఆరు టైపు మిషన్లూ ఒక్కసారిగా ఆగాయి. కాసేపటికి టైపు మాస్టారు తలుపు దగ్గరికి వచ్చాడు.

“కానివ్వండి, మధ్యలో ఆపకండి. లోపల అందరూ అడుగుతున్నారు, దుప్పటి దొరికిందా అని. ఇంత శ్రద్ధగా నా పాఠం ఏనాడూ వినలేదు వెధవలు.”

రద్దీ అక్కయ్య అత్తగారి వంక చూసింది.

“అత్తయ్యా, శుక్రవారం మీకేమైనా పనుందా?”

శుక్రవారం మేనేజరు అవార్డు కోసం వెళ్లాడు. స్టూడియోలో రికార్డు చేసే మనిషి ఒక్కడే ఉన్నాడు.

“ఈవిడెవరండీ?” అన్నాడు.

“మా అత్తగారు. నాకు గొంతు ఆరితే నీళ్లివ్వడానికి.”

అత్తగారు అద్దానికి అవతల స్టూలు మీద కూర్చుంది. కూర్చుని, సంచీలోంచి పెద్ద గిన్నె మూత తీసి, కోడలికి కనపడేలా పైకెత్తి చూపించింది. అటక మీద కాదు, కోడలి బీరువా వెనక దొరికిందని ఆ మొహమే చెబుతోంది. ఎర్ర దీపం వెలిగింది.

“ఈఈ సంస్థను విడిచీ...! తమ నంబరు మార్చుకొనకయే...! వేరొక సంస్థకు వెళ్ళ-దలచిన వినియోగదారులూ... రెండు నొక్కవలెను!”

రికార్డు చేసే మనిషి చేతిలో టీ ఒలికింది. ‘నొక్కుటకు ముందు ఈ ప్రకటనను పూర్తిగా వినవలెను’ అన్నది ఎలా వచ్చిందంటే, వినకపోతే ఇంటికొచ్చి వినిపిస్తానన్నట్టు వచ్చింది. ‘పాత సేవ కొనసాగును’ దగ్గర ఒక పెద్ద నిట్టూర్పు, ముప్ఫయ్యేళ్ల కాపురమంతా అందులో ఉంది. అక్షరం తప్పలేదు. అతను కాగితంతో పోల్చి చూసుకుని, సరిగ్గానే ఉందని రాసి, మండలికి దాఖలు చేసేశాడు.

సోమవారం నుంచి ఊళ్లో ఫోను పెట్టేసినవాడు లేడు. చెయ్యికి అర్థం కాలేదు, ఈ ‘ఈ’ ఆ ‘ఈ’ కాదు. ఎవరో ఎవర్నో దులిపేస్తున్నారు, చివరిదాకా వినకుండా ఎలా? విన్నారు. స్పీకరు పెట్టి భార్యకు వినిపించారు. కాఫీ హోటల్లో బల్లమీద ఫోనుపెట్టి నలుగురు చుట్టూ చేరారు. ‘రెండు నొక్కవలెను’ అన్న గద్దింపుకు, కంపెనీ మారే ఉద్దేశం లేనివాళ్లు కూడా భయపడి నొక్కేశారని చెప్పుకున్నారు. వారంలో పదకొండు వేల మంది గొడుగు కిందనుంచి బయటపడ్డారు. వాళ్లలో ఒకరు బకెట్టు దిగి, వంటింట్లో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసి, “నీ బీరువా సంగతి ఇంక చెప్పకే” అన్నారు.

మేనేజరు అవార్డుతో తిరిగొచ్చేసరికి ఇదీ పరిస్థితి. ఆ చిరునవ్వు లేని మొహాన్ని ఆవిడ అప్పుడే మొదటిసారి చూసిందట.

“ఏంటక్కా ఇది?”

“ఒక్క అక్షరం మార్చానా? లేదు. ఒక్క అబద్ధం చెప్పానా? లేదు. వాళ్లంతట వాళ్లే వింటుంటే, ఇంటింటికీ వెళ్లి చెవులు మూస్తామా బాబూ?”

సంతకమైన కాగితాన్ని ఆమె ఎదుటే చింపేశాడు. చింపి, ఆ రికార్డు వినియోగదారులను రెచ్చగొడుతోంది, రద్దు చేయమని మండలికి అర్జీ పెట్టాడు.

విచారణ ఆ ఊళ్లోనే పెట్టారు. గడువుకు నాలుగు రోజులు మిగిలాయి. ఇంట్లో పెట్టె సగం సర్దేసి ఉంది. అత్తగారు అందులో పెట్టిన ప్రతి చీరనూ తీసి సరిగా మడతపెట్టలేదని తిట్టి మళ్లీ పెడుతోంది. తిట్లలో పస లేదు. టైపు మాస్టారు రైలు వేళలు మూడు ప్రతులు టైపు చేశాడు, మూడూ తప్పులే.

మండలి సభ్యులు ముగ్గురు. అధ్యక్షుడు కళ్లజోడు ముక్కుమీదికి జార్చుకున్న పెద్దమనిషి, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. నేను వెనక వరుసలో కూర్చున్నాను. గొడుగు లాయరు అరగంట మాట్లాడాడు. ప్రకటన అంటే ప్రకటనలా ఉండాలి, కయ్యంలా ఉండకూడదు అన్నాడు. అధ్యక్షుడు అంతా విని, “అసలు మనం దాన్ని వింటే పోలా?” అన్నాడు. తన జేబులోని ఫోను తీసి, ఆ నంబరు కలిపి, బల్లమీద పెట్టాడు.

‘ఈఈ సంస్థను విడిచీ’ అనగానే ముగ్గురు సభ్యులూ ముందుకు వొంగారు. లాయరు కూడా వొంగాడు. నిట్టూర్పు దగ్గర ఎడమపక్క సభ్యుడు తల ఊపాడు, ఎవరింటి సంగతి ఎవరికి తెలుసు. గొంతు ఆగింది. అధ్యక్షుడు చాలా మర్యాదగా చూపుడువేలు చాపి, రెండు నొక్కాడు.

కార్యదర్శి గుసగుసగా, “సార్, నొక్కేశారు” అన్నాడు.

“నొక్కమంది కదయ్యా.”

“మీ ఫోను గొడుగుదే సార్.”

అధ్యక్షుడు ఫోను వంక చూశాడు. తర్వాత లాయరు వంక. “మూడు నెలలుగా వదిలిపోదామని ప్రయత్నిస్తున్నానయ్యా నేను. ఎప్పుడు చేసినా రద్దీగా ఉందనుకునేవాణ్ని” అన్నాడు.

ఉత్తర్వు మూడో రోజున వచ్చింది. అలాంటి కాగితాల భాష అంటే నాకు చాలా ఇష్టం, అందుకని అడిగి తీసుకుని రాసుకున్నాను: ‘ప్రకటన యొక్క ప్రయోజనము వినబడుట. వినబడు స్వరము ఎట్టిదైనను నియమవిరుద్ధము కాజాలదు. కావున నిష్క్రమణ ప్రకటనలన్నియు ఇకపై ఈ స్వరముననే ఉండవలెను. సదరు స్వరమును మండలియే నియమించుకొనును.’ అంటే చిలకకూ, గొడుగుకూ, ఏనుగుకూ, పాత శాఖకూ కలిపి ఒకే గొంతు, మండలిలో ఖాయమైన ఉద్యోగం.

బయట వరండాలో గొడుగు మేనేజరు ఆవిడను పట్టుకున్నాడు. చిరునవ్వు మళ్లీ వచ్చేసింది. ఆ మనిషిని ఏమన్నా అనండి, నిలదొక్కుకోవడం తెలిసినవాడు.

“అక్కా, పోయినవాళ్లు పోయారు. మీ పాత గొంతు మాత్రం మా ఫిర్యాదుల నంబరుకు ఇప్పించండి.”

“అది శాఖ ఆస్తి బాబూ. దరఖాస్తు పెట్టుకో. పరిశీలిస్తారు.”

మర్నాడు ఆవిడ ఉద్యోగంలో చేరింది. చేరేముందు గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. పేరు, వయసు, అనుభవం, అన్నీ రాసింది. చివర ‘విధి నిర్వహణకు కావలసిన పరికరములు’ అని ఒక గడి ఉంది. ఆవిడ కాసేపు ఆలోచించి నింపి ఇచ్చింది. గుమాస్తా చదివి తలెత్తాడు.

“ఇదేంటమ్మా, ‘అత్తగారు, ఒకరు’ అని రాశారు?”

“ఆవిడ అద్దం అవతల లేకపోతే నాకు ఆ గొంతు రాదయ్యా.”

అతను పెన్ను చెవికి తగిలించుకుని ఆలోచనలో పడ్డాడు. ఆఫీసులో పరికరమంటే దానికో రిజిస్టరు, దానికో గడి. “ఎన్నాళ్లుగా వాడుతున్నారు?” అన్నాడు.

“ముప్ఫయ్యేళ్లు.”

“ఎప్పుడైనా మొరాయించిందా?”

పక్క బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పరికరం లేచి నిలబడింది.

“ఎవర్రా మొరాయించేది?”

“లేదండీ, లేదు” అంటూ గుమాస్తా గబగబా రాసుకున్నాడు, “బాగా పనిచేస్తోంది.”